అలికిడికి చోటు: పరిసర సంగీతం, విశాఖ సముద్రం

విశాఖ ఆర్కే బీచ్‌లో ఫోన్ పట్టుకుని అలల చప్పుడు రికార్డు చేసి, ఇంటికెళ్లి వింటే అందులో సముద్రం ఉండదు. మూకుట్లో నూనె మరుగుతున్నట్టు ఒక సుయ్‌మనే శబ్దం, మధ్యమధ్య గాలి కొట్టిన దబదబ, దూరంగా బైకు హారన్. ఫోన్ మైకు తయారైంది మాట కోసం. ఆగకుండా వచ్చే శబ్దం ఏదైనా దాని లెక్కలో అణచాల్సిందే. పెద్ద కెరటం వస్తే రికార్డింగు స్థాయి (లెవెల్) తగ్గిస్తుంది, కెరటం వెనక్కి పోగానే పెంచుతుంది. దాంతో అలకు ప్రాణమైన ఎత్తుపల్లాలు చదునైపోతాయి. పైగా ఫోన్ స్పీకరు 400 హెర్ట్జ్ కిందికి వెళ్తే సరిగ్గా పలకదు. కెరటం బరువంతా ఉండేది అక్కడే.

ఫోన్ సెట్టింగులతో ఈ సమస్య కొంత తీరుతుంది, ఆ సంగతి కింద రాస్తాను. అయితే దీని వెనక ఒక పెద్ద ప్రశ్న ఉంది: ఒక చోటుని సంగీతంలోకి తేవడం ఎలా? నూరేళ్లకు పైగా సంగీతకారులు దీనితోనే కుస్తీ పడుతున్నారు. ఆ కుస్తీ చరిత్రే పరిసర సంగీతం (ఆంబియంట్ మ్యూజిక్) చరిత్ర.

తెలుగులో శబ్దానికి ఉన్న మాటలు ఒకసారి చూడండి. హోరు, ఘోష, రొద, సవ్వడి, సద్దు, అలికిడి. ఒకదాని బదులు ఇంకొకటి వాడలేం. హోరు దూరం నుంచి ఆగకుండా వచ్చేది. రొద చెవిని మూసేసేది. అలికిడి అంటే ఎవరో, ఏదో కదిలిందని తెలిపేది. చుట్టూ నెమ్మది ఉంటేనే అది వినబడుతుంది. ఒక చోటు శబ్దపరంగా బాగుందా లేదా అని తేల్చడానికి నా దృష్టిలో ఒకటే పరీక్ష: అక్కడ అలికిడి వినబడుతుందా? పరిసర సంగీతంలో నిలిచిన పనులన్నీ ఆ అలికిడికి చోటు చేసినవే.

మన శాస్త్రాలు ప్రకృతితో స్వరాలకు ముడిపెట్టడం అందరికీ తెలిసిందే. నారదీయ శిక్షలో షడ్జమం నెమలిది, రిషభం ఆవుది, గాంధారం మేకది, మధ్యమం క్రౌంచపక్షిది, పంచమం వసంతంలో కోయిలది, ధైవతం గుర్రానిది, నిషాదం ఏనుగుది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరానికి వస్తే రిషభం చాతకానికి, ధైవతం కప్పకు వెళ్లాయి. ఈ తేడాని చాలామంది దాటేస్తారు. నాకు మాత్రం ఇదే ముఖ్యం అనిపిస్తుంది. స్వరం ఎత్తు కొలిచి రాసిన పట్టికలైతే ఇలా మారవు. స్వరం విన్నప్పుడు ఒక ప్రాణి మనసులో కదలాలన్న అలవాటును అవి నేర్పుతున్నాయి. కోయిలనే తీసుకోండి. దాని కూత ఒక స్వరం మీద నిలవదు, ప్రతిసారీ కాస్త పైకి జారుతూ పోతుంది. తంబురా శ్రుతితో దాన్ని పట్టుకోబోతే దొరకదు.

ఇదే సంగీత రత్నాకరంలోని 120 దేశీ తాళాల పట్టిక 20వ శతాబ్దంలో ఫ్రాన్సులో స్వరకర్త ఒలివియే మెస్సియాన్ చేతికి చిక్కింది. లయ విషయంలో ఆయన తన పనినంతా దానితో మార్చుకున్నారు. 1956-58 మధ్య పక్షుల కూతల మీద పియానోకు ఒక పెద్ద మాలిక రాశారు. పొలాల గట్ల మీద కూర్చుని చెవితో విని, చేత్తో స్వరం రాసుకున్న పని అది. పియానోకి దొరకని సూక్ష్మ స్వరాలను దగ్గరి స్వరాలకు సర్దారు, చేతులు అందుకోలేని వేగాన్ని తగ్గించారు. ఇది అనుకరణ దారి.

రెండో దారి యంత్రంతో తెరుచుకుంది. 1889లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్‌విగ్ కోఖ్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడు ఎడిసన్ ఫోనోగ్రాఫు మైనపు గొట్టం మీద పంజరంలోని ఒక పిట్ట పాటను పట్టాడు. మనకు తెలిసినంతలో పిట్ట పాటకు అదే మొదటి రికార్డింగు. ఆ పిట్ట షామా, మన దేశపు అడవుల్లో పాడే జాతి. 1924 మే 19న బీబీసీ ఇంగ్లండులోని సర్రేలో ఒక తోటలో మైకు పెట్టి, బియాట్రిస్ హారిసన్ సెల్లో వాయిస్తుంటే నైటింగేల్ పాడడాన్ని నేరుగా ప్రసారం చేసింది. అదే ఏడాది డిసెంబరులో రోములో ఇటలీ స్వరకర్త రెస్పీగి ఆర్కెస్ట్రా మధ్య గ్రామఫోను పెట్టి నైటింగేల్ రికార్డు వేయించారు. స్వరం రాయలేని చోట ఆ పిట్టనే తీసుకొచ్చారన్నమాట.

మూడో దారి ఇంకా విచిత్రం. ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ శాటీ 1917 నుంచి ‘ఫర్నిచరు సంగీతం’ అనేది ఊహిస్తూ వచ్చారు. గదిలో కుర్చీ ఉన్నట్టు సంగీతం కూడా ఉండాలి, దాన్ని చూస్తూ కూర్చోకూడదు. 1920 మార్చి 8న పారిస్‌లో ఒక నాటకం విరామంలో వాయింపజేస్తే జనం మాటలు ఆపేసి శ్రద్ధగా వినడం మొదలుపెట్టారు. శాటీ వాళ్ల మధ్య తిరుగుతూ మాట్లాడండి, నడవండి, వినకండి అని బతిమాలాల్సి వచ్చింది.

అమెరికా స్వరకర్త జాన్ కేజ్ దీన్ని తలకిందులు చేశారు. 1940ల మధ్యలో న్యూయార్కులో అహ్మదాబాదుకు చెందిన గీతా సారాభాయి ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటూ, బదులుగా ఆయనకు భారతీయ సంగీతం నేర్పారు. సంగీతం ఎందుకని ఆయన అడిగితే, మనసును నెమ్మదింపజేసి దివ్యమైన ప్రభావాలకు తెరవడానికని తన గురువు చెప్పిన మాటను ఆమె చెప్పారు. కేజ్ దాన్ని జీవితాంతం తలుచుకున్నారు. 1952 ఆగస్టు 29న వుడ్‌స్టాక్‌లో అడవి వైపు తెరుచుకున్న ఒక చెక్క హాలులో, కేజ్ రచనను వినిపిస్తూ, డేవిడ్ ట్యూడర్ పియానో ముందు 4 నిమిషాల 33 సెకన్లు ఒక్క స్వరమూ వాయించకుండా కూర్చున్నారు. మొదటి భాగంలో బయట గాలి, రెండో భాగంలో కప్పు మీద చినుకులు, మూడో భాగంలో లేచి వెళ్తున్న జనం గొణుగుడు వినిపించాయి. ఏసీ హాలులో తలుపులు మూసి ఇదే చేస్తే సగం అర్థం పోతుంది. ఆ రచనకు ఆ హాలే వాద్యం.

విశాఖ వాళ్లకు అన్నిటికంటే దగ్గరైనది ఫ్రెంచి స్వరకర్త లూక్ ఫెరారీ పని అని నా అభిప్రాయం. 1960ల చివర్లో ఆయన అప్పటి యుగోస్లావియాలోని వెలా లుకా అనే జాలరి ఊరిలో కిటికీ గట్టు మీద మైకు పెట్టి, రోజూ తెల్లవారుజామున ఒకే వేళకు రికార్డు చేశారు. పడవ ఇంజను, గాడిద, ఆడవాళ్ల మాటలు, చివరికి అన్నిటినీ మింగేసే కీటకాల రొద. ఎన్నో రోజుల టేపుల్లోంచి 20 నిమిషాల పైచిలుకు ఒక ఉదయం కూర్చారు. 1970లో బయటికొచ్చింది. వినేవాళ్లకు అందులో ఎక్కడా కత్తెర కనబడదు. స్వరం లేదు, వాద్యం లేదు, అయినా కూర్పు ఉంది: ఏది ముందు, ఏది వెనక, ఏది ఎప్పుడు ఆగాలి. మన ఫిషింగ్ హార్బరులో తెల్లారి నాలుగున్నరకు ఉండే సరుకంతా ఇదే. మరబోటు ఇంజను, జెట్టీ టైర్లకు రాసుకునే చెక్క, ఐసు పగలగొట్టే చప్పుడు, వేలంపాట, కాకులు. ఆయన పద్ధతిలో గుర్తుంచుకోవాల్సింది ఒకటే: మైకు కదలదు, రోజులు కదులుతాయి. ఒక్కరోజు వెళ్లి పది చోట్ల తిరిగి రికార్డు చేస్తే వచ్చేది పర్యాటకుడి ఆల్బమే.

సముద్రాన్ని రికార్డు చేస్తే సముద్రంలా ఎందుకు ఉండదన్న ప్రశ్నతో తలపడింది అమెరికాలో ఇర్వ్ టైబెల్. 1969 నుంచి ఆయన తెచ్చిన రికార్డుల వరుసలో మొదటిది తీరపు అలలే. ఎన్ని తీరాల్లో టేపు నింపినా చెవికి నచ్చకపోతే, చివరికి ఐబీఎం 360 కంప్యూటరులో ఆ శబ్దాన్ని శుద్ధి చేయించారు. ప్రకృతి అని ముద్రవేసి అమ్మిన మొదటి తరం రికార్డు వెనక గదంత కంప్యూటరు ఉందన్నమాట. ఇందులో మోసమేమీ లేదు. బీచ్‌లో ఉన్నప్పుడు మన చెవి ఒక్కటే పని చేయదు. కన్ను అల ఎక్కడ విరుగుతోందో చెబుతుంది, కాలి కింద ఇసుక కదులుతుంది. అవన్నీ పోయాక మిగిలిన శబ్దం ఒక్కటే ఆ భారం మోయాలి.

అసలు అల ఎందుకు మోగుతుందో తెలిస్తే మైకు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. నీరు నీటి మీద పడితే వచ్చే చప్పుడు చాలా తక్కువ. విరిగే అలలో గాలి చిక్కుకుని కోట్ల బుడగలవుతుంది, ఒక్కో బుడగ పుట్టగానే చిన్న గంటలా కంపిస్తుంది. 1933లో శాస్త్రవేత్త మిన్నార్ట్ లెక్క కట్టారు: బుడగ వ్యాసార్థం ఒక మిల్లీమీటరైతే దాని స్వరం సుమారు 3,260 హెర్ట్జ్, ఒక సెంటీమీటరైతే సుమారు 326. సన్న నురుగు సుయ్‌మంటుంది, పెద్ద బుడగలు గుబగుబమంటాయి. తీరం వాలు ఎక్కువున్న చోట అల గొట్టంలా చుట్టుకుని ధబ్బున పడుతుంది, పెద్ద గాలిముద్దలు చిక్కుతాయి, కింది స్థాయి స్వరాలు బలంగా వస్తాయి. వాలు తక్కువున్న చోట అల దూరం నుంచే నురగలు కక్కుతూ జారుతుంది, పై స్థాయి స్వరాలు ఎక్కువ. అల గీతకు 5 మీటర్ల దగ్గర మైకు పెడితే నురుగు ఒక్కటే వినిపిస్తుంది. 20-30 మీటర్లు వెనక్కి వస్తే ఒక్కో కెరటానికి మొదలు, నడిమి, తోక దొరుకుతాయి. ఇసుక దిబ్బ వెనక్కి వెళ్తే పై స్థాయిని దిబ్బ అడ్డుకుని ఒట్టి హోరు మిగులుతుంది. ఈ మూడూ మూడు వేర్వేరు వాద్యాలనుకుని విడివిడిగా రికార్డు చేసుకోవడం మంచిది.

1970ల మొదట్లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో స్వరకర్త ముర్రే షేఫర్ బృందం ఊరి శబ్దాలను పటంలా గీయడం మొదలుపెట్టింది. 1973లో వాంకూవర్ మీద రికార్డులు తెచ్చారు. అదీ ఓడరేవు ఊరే. ఓడ కూతలు అందులో పెద్ద పాత్ర. షేఫర్ శబ్దాలను మూడుగా చూశారు. ఎప్పుడూ అడుగున ఉండే ఆధార శబ్దం, మన దృష్టిని పిలిచే సంకేతం, ఆ ఊరికే చెందిన గుర్తు శబ్దం. విశాఖకు ఆధారం కెరటం. సంకేతం పోర్టులో ఓడ కూత, గూడ్సు బండి కూత. గుర్తు శబ్దం అడిగితే నేను హార్బరు నోటి దగ్గరి మూడు కొండలనే చూపిస్తాను: రాస్ హిల్ మీద చర్చి, దర్గా కొండ, వేంకటేశ్వర కొండ. గంట, అజాన్, గంట. ఒకే నీటి మీదుగా మూడూ వచ్చే చోటు ఇంకో ఊళ్లో దొరకడం కష్టం.

షేఫర్ చెప్పిన ఇంకో మాట మన అలికిడికి సరిగ్గా అతుకుతుంది. సన్న శబ్దం కూడా దూరం నుంచి విడిగా తెలిసే చోటును ఆయన హై-ఫై అన్నారు, అన్నీ కలిసి ముద్దయ్యే చోటును లో-ఫై అన్నారు. బీచ్ రోడ్డు సాయంత్రం ఏడింటికి లో-ఫై. ఊరి పక్కనున్న కంబాలకొండ అడవి లోపల పొద్దున హై-ఫై. జెముడుకాకి గుబ్బుగుబ్బుమనడం, కంసాలి పిట్ట టుక్కుటుక్కుమనడం ఎంత దూరంలో ఉన్నా వేర్వేరుగా తెలుస్తాయి. ఇద్దరి మధ్యా పోటీ లేదు, జెముడుకాకి స్వరం బాగా కింద, కంసాలి పిట్ట దాని పైన, కీచురాళ్లు ఇంకా చాలా పైన.

ఇలా ఒక్కో ప్రాణి తన స్వర స్థాయిని చూసుకుంటుందని అమెరికాలో ప్రకృతి శబ్దాలు రికార్డు చేసే బెర్నీ క్రాస్ ప్రతిపాదించారు. ఆయన చేసిన ఒక పని మాత్రం కళ్లు తెరిపిస్తుంది. 1988లో సియెర్రా నెవాడా పర్వతాల్లోని లింకన్ మెడో అనే పచ్చిక బయలు దగ్గర, చెట్లు ఎంచి నరికే ముందు రికార్డు చేశారు. ఏడాది తర్వాత అదే రోజుల్లో, అదే చోట, అదే వేళకు మళ్లీ చేశారు. ఫొటోలో ఏ తేడా లేదు. స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ వేళ ఏ స్థాయి శబ్దం ఉందో గీసి చూపే బొమ్మ) పిట్టల గీతలు దాదాపు ఖాళీ, ఏటి చప్పుడు, ఒక వడ్రంగి పిట్ట మిగిలాయి. సంగీతకారుడిగా మొదలైన మనిషి రికార్డింగు సాక్ష్యంగా నిలబడింది. తిమింగలాల పాటలతో 1970లో రోజర్ పేన్ తెచ్చిన రికార్డు కూడా ఇలాంటిదే. తిమింగలాల వేట ఆపాలన్న ఉద్యమానికి అది గొంతైంది.

బ్రిటిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో పేరు లేకుండా ఈ చరిత్ర ఎవరూ చెప్పరు కాబట్టి ఆయన 1978 విమానాశ్రయ సంగీతంలోంచి పనికొచ్చే ఒక్క కిటుకు చెబుతాను. ఒక భాగంలో పాడిన స్వరాలను వేర్వేరు పొడవుల టేపు చుట్టలుగా తిప్పారు. ఒకటి 23½ సెకన్లకు, ఇంకొకటి 25⅞, మరొకటి 29 15/16 సెకన్లకు మళ్లీ వస్తాయి. ఈ మూడూ మొదలైన పొందికలోకి సరిగ్గా తిరిగి రావాలంటే ఎంతసేపు? లెక్కకడితే దాదాపు 27 రోజులు. మూడు చుట్టలతో నెల రోజుల సంగీతం! అలల రికార్డింగు వాడేవాళ్లకు ఇది బంగారం. రెండు నిమిషాల అలను అలాగే తిప్పితే మూడో చుట్టుకే చెవి పట్టేస్తుంది, అందులో కాకి అరుపు ఒకటి ఉంటే రెండో చుట్టుకే. దూరపు హోరు ఒక 7 నిమిషాల 10 సెకన్లు, దగ్గరి నురుగు ఒక 4 నిమిషాల 37 సెకన్లు, సరుగుడు తోట గాలి ఒక 5 నిమిషాల 53 సెకన్లు పెట్టుకుని వేర్వేరుగా తిప్పండి. అతుకు వేసేటప్పుడు కెరటం విరిగే చోట కోయకూడదు, నీరు వెనక్కి లాగిన నిశ్శబ్దంలో కోసి 6-8 సెకన్లు ఒకదాని మీద ఒకటి కలపాలి.

సరుగుడు అన్నాను కదా. సముద్రం ఒడ్డున ఆ తోటలు అల ఆగినా హోరుమనడానికి కారణం పుల్లల మందమే. సన్న పుల్ల చుట్టూ గాలి సుడి తిరుగుతూ విడిపోతుంటే స్వరం పుడుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి, మిల్లీమీటరు మందం పుల్ల అయితే అది సుమారు 1000 హెర్ట్జ్. గాలి పెరిగితే స్వరం పైకి పోతుంది. తాటాకు అలా పాడదు, ఒకదానికొకటి కొట్టుకుని టపటపలాడుతుంది. గాలి అని ఒకే ఫైలు పెట్టుకునే వాళ్లు ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

జపాన్‌లో 1980లలో పరిసర సంగీతం భవనాల్లోకి వెళ్లింది. హిరోషి యోషిమురా 1982లో కిటికీలోంచి కనిపించే మేఘం, చెట్టు కొమ్మ వంటివాటి మీద తేలికైన కీబోర్డు రచనలు చేస్తే, వాటిని టోక్యోలోని హారా మ్యూజియంలో వినిపించారు. 1996లో అక్కడి ప్రభుత్వమే దేశంలో కాపాడుకోదగ్గ నూరు శబ్ద స్థలాలను ఎంపిక చేసింది. కానీ అక్కడ ఇంతకంటే పాతది, మనం చేసుకోదగ్గది ఒకటుంది: ఎడో కాలపు (17-19 శతాబ్దాల) తోటల్లోని సుయికింకుత్సు. చేతులు కడుక్కునే తొట్టి పక్కన నేలలో బోర్లించి పాతిన మట్టి కుండ. నీటి చుక్క లోపల పడితే తంతివాద్యంలా మోగుతుంది.

కుమ్మరి దగ్గర దొరికే నీళ్ల కుండ చాలు. 35-40 సెంటీమీటర్ల ఎత్తున్నది, మెరుపు పూత లేనిది. వేలితో కొడితే కంగున మోగాలి, బొద్దుమంటే పగులుందని అర్థం. రాత్రంతా నీళ్లలో నానబెట్టి అడుగున 2 సెంటీమీటర్ల రంధ్రం వేయాలి. డ్రిల్లును దెబ్బ (హ్యామర్) మోడ్‌లో పెడితే కుండ రెండు ముక్కలవుతుంది. కింద ఒక వెడల్పు తొట్టి, అందులో 4-5 సెంటీమీటర్ల నీరు నిలిచేలా అదే ఎత్తులో అరంగుళం పైపు, పైపు కొస కంకర గుంటలోకి. తొట్టిలో ఇటుక ముక్కల మీద కుండను బోర్లించాలి. పూడ్చక ముందే పరీక్షించండి. మన కుండ అడుగు గుండ్రం కాబట్టి చుక్క రాలకుండా లోపలి గోడ వెంట జారిపోతుంటుంది. ఎక్కువమంది ఇక్కడే ఓడిపోతారు. రంధ్రంలో చిన్న పైపు ముక్క బిగించి, లోపలికి ఒక సెంటీమీటరు పొడుచుకు వచ్చేలా చేస్తే చుక్క అక్కడి నుంచే రాలుతుంది. సెకనుకు ఒకటో రెండో చుక్కలు పడాలి. ధార అయితే మోత ఉండదు.

ఆ టింగుమనే శబ్దం కూడా బుడగదే. చుక్క పడి గుంత చేస్తుంది, గుంత మూసుకునేటప్పుడు కింద చిన్న గాలిబుడగ చిక్కుతుంది, అది కంపిస్తూ నీటి పైతలాన్ని కదుపుతుంది. కేంబ్రిడ్జిలో అనురాగ్ అగర్వాల్ బృందం 2018లో వేగపు కెమెరాలతో దీన్ని తేల్చింది. నీటిలో గిన్నెల సబ్బు కలిస్తే తలతన్యత తగ్గి ఆ శబ్దం ఆగిపోతుందని కూడా. అందుకని సబ్బు నీళ్లు కుండలోకి పోనివ్వకండి. మన ఊళ్లో ఇంకో రెండు చిక్కులు. వానాకాలంలో ఎర్రమట్టి కొట్టుకొచ్చి రంధ్రం పూడుతుంది, పైన గులకరాళ్ల కింద నైలాను వల పరవాలి. అదే వల దోమలను కూడా ఆపుతుంది, అయినా పైపు కొసకు కూడా కట్టి, వాడని వారం నీరు తీసేయాలి. పల్లంలో పాతితే వర్షాలకు నేలనీరు లేచి కుండ నిండుతుంది, నిండిన కుండ మోగదు.

ఇక బీచ్ రికార్డింగు. పగలు పదిన్నర, పదకొండు దాటాక సముద్రపు గాలి అందుకుంటుంది, మధ్యాహ్నానికి మైకును వాయించేస్తుంది. తెల్లవారుజామున నేల వైపు నుంచి వచ్చే గాలి మెత్తగా ఉంటుంది. జూన్ మొదట్లో విశాఖలో సూర్యోదయం 5:20 ప్రాంతంలో, జనవరిలో 6:30 ప్రాంతంలో. దానికి గంట ముందు మొదలుపెట్టాలి. మైకుకి వచ్చే స్పాంజి తొడుగు ఇంట్లో మాటకు సరిపోతుంది, సముద్రం దగ్గర ఆగదు. బొచ్చు తొడుగు కావాలి, దాని లోపల మైకు చుట్టూ కనీసం 5 సెంటీమీటర్ల నిశ్చలమైన గాలి ఉండాలి. రెండు తీగ బుట్టలను నోటికి నోరు కట్టి పైన బొచ్చు గుడ్డ కుట్టినా పనిచేస్తుంది. బొచ్చును నేరుగా మైకుకి చుడితే ఉపయోగం లేదు.

రికార్డరులో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ (WAV) ఫైలు ఎంచుకోవాలి. స్టీరియో అయితే గంటకు ఒక జీబీకి కాస్త పైన. పెద్ద కెరటం శిఖరం మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆగేలా స్థాయి పెట్టి, ఆపైన తాకకూడదు. ఆటోమేటిక్ ఏదున్నా ఆపేయాలి. ఫోన్ అయితే శుద్ధి చేయని మైకు శబ్దాన్ని ఇచ్చే రికార్డరు యాప్ వెతుక్కుని, వేవ్‌లోనే పెట్టాలి. ఎంపీత్రీకి నురుగు గిట్టదు, బుడగబుడగలుగా చెదిరిపోతుంది. రెండు మైకులుంటే కొసలు 17 సెంటీమీటర్ల ఎడం, 110 డిగ్రీల కోణం పెడితే అల ఎడమ నుంచి కుడికి పాకడం స్పష్టంగా వస్తుంది. స్టాండు కాళ్లు తడి ఇసుకలో దిగబడతాయి, ఒక్కో కాలి కింద బోర్లించిన కొబ్బరి చిప్ప పెట్టండి. తేదీ, చోటు, గాలి, ఆటుపోటు వివరాలు మైకులో చివర్లో చెప్పాలి, మొదట్లో చెబితే చుట్టూ ఉన్న ప్రాణులు మళ్లీ కుదురుకోవడానికి నిమిషాలు పడతాయి.

ఏసీ గదిలోంచి తెచ్చిన మైకును తీరాన సంచిలోనే అరగంట ఉంచాలి. వెంటనే తీస్తే తేమ పట్టి చిటపటమంటుంది, అది చెడిపోయిందని కొత్తది కొన్నవాళ్లున్నారు. ఇంటికొచ్చాక ఉప్పును పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, తెల్లలైటు వేయకండి. నేవీ హద్దుల దగ్గర మైకు ఎత్తకండి. కంబాలకొండలో తెల్లవారకముందు ఉండాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

నీటి లోపల వినాలంటే 27 మిల్లీమీటర్ల పీజో బిళ్లకు (కంపనాన్ని విద్యుత్తుగా మార్చేది) షీల్డు తీగ టంకం వేసి, మొత్తం ఎపాక్సీలో ముంచి ఆరబెడితే చవకైన హైడ్రోఫోను, అంటే నీటిలో పనిచేసే మైకు, తయారవుతుంది. దీన్ని నేరుగా మైకు సాకెట్లో గుచ్చి, సముద్రం పలచగా వినబడుతోందని నిరాశపడతారు. బిళ్ల కెపాసిటెన్సు సుమారు 20 నానోఫారడ్. 10 కిలోఓమ్‌ల ఇన్‌పుట్‌కి కలిపితే 800 హెర్ట్జ్ కిందిదంతా కరిగిపోతుంది. ఒక మెగాఓమ్ ఉన్న గిటారు ఇన్‌పుట్‌కి కలిపితే 8 హెర్ట్జ్ దాకా వస్తుంది. కెరటం కొట్టే రాళ్ల మీద నిలబడి దించకండి, జెట్టీ నుంచి గానీ ముడసర్లోవ జలాశయం లాంటి నిలకడ నీటిలో గానీ మొదలుపెట్టండి. సన్నటి వాన పడుతుండగా దించితే పైన విన్న చిటపట ఉండదు, 15 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నటి బుస వినిపిస్తుంది. చినుకుల కింద పుట్టే చిన్నచిన్న బుడగలవి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఇంజను పడవలు కట్టేసి ఉంటాయి. ముందొకసారి, తర్వాతొకసారి అదే చోట రికార్డు చేసే క్రాస్ పద్ధతి ఇక్కడ చేయడానికి ఇంతకంటే మంచి అదను లేదు. హార్బరు వైపు తెరుచుకున్న ఒక చోటు ఎంచుకుని జూన్ 12న ఒకసారి, 16న ఒకసారి, తెల్లవారి 4:30 నుంచి 5:00 దాకా రికార్డు చేయండి. అదే మైకు, అదే ఎత్తు, స్థాయి మీట ఏ గుర్తు మీద ఉందో ఫొటో తీసుకుని రెండోసారీ అక్కడే పెట్టండి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతుంది కాబట్టి నాలుగు రోజుల్లో అల గీత మారుతుంది, ఆటుపోట్ల పట్టిక చూసి ఆ తేడాని రాసిపెట్టుకోవాలి. ఆడాసిటీ అనే శబ్ద సాఫ్ట్‌వేరులో రెంటినీ ఒకదాని కింద ఒకటి తెరిచి, స్పెక్ట్రోగ్రామ్‌ను 0 నుంచి 2000 హెర్ట్జ్‌కి బిగించి, విండో 4096 పెట్టండి. రెండో బొమ్మలో 300 హెర్ట్జ్ కింద అడ్డంగా సాగే గీతలు మరబోట్లవి. వాటి పైన, 700 నుంచి 1500 మధ్య, మొదటి బొమ్మలో కోయిల గీసిన ఏటవాలు గీతలు రెండోదానిలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.